గీత కింద నలభై ఒక్కరు

"సంతకం మీదా, కాదా? అదొక్కటి చెప్పండి చాలు."

లెక్కల టీచరు ఆ కాగితాన్ని భర్త ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని ఇలా అడగడం ఇది నాలుగోసారి. పొయ్యి మీద టీ మరిగి మరిగి గిన్నె అడుగంటుతోంది. దాన్ని దించాలన్న ధ్యాస ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవయ్యో అంతస్తులో చీకట్లో వేలాడుతూ బోల్టు బిగించమంటే బిగిస్తాడు గాని, పెళ్ళాం ఎదుట నిలబడి సూటిగా ఒక్క జవాబు చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాడు.

"నాదే. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. చదివారా?"

"పైన ప్రత్యేకం అని ఏదో ఉంది. స్పెషల్ క్లాసులేమో అనుకున్నా. బూట్లు వేసుకుంటుంటే తెచ్చింది, టూల్ బాక్సు మీద పెట్టి గీకేశా. ఇంత కొంప ముంచే కాగితమని నాకేం తెలుసు?"

"నిజంగానే కొంప మునిగింది. కూతుర్ని బళ్ళోంచి మీ చేత్తోనే గెంటేశారు."

అరగంట క్రితం, స్టేప్లర్ కోసం కూతురి బ్యాగులో చెయ్యి పెడితే దొరికిందది. నోటుపుస్తకాల మధ్య నాలుగు మడతలు పెట్టి ఉంది. అది తల్లిదండ్రుల దగ్గర ఉంచుకోవలసిన ప్రతి. అసలుది బడికి చేరి మూడు రోజులైంది.

చదవాల్సిన అవసరమే లేదామెకు. 'మా అమ్మాయి ఈ ఏడాది బడి తరఫున పదో తరగతి పరీక్ష రాయకుండా, వచ్చే ఏడాది ప్రైవేటుగా రాయడానికి ఇష్టపూర్వకంగా అంగీకరిస్తున్నాను.' ప్రతి అక్షరం కంఠతా వచ్చు. రాసింది ఆమే మరి! చిత్తుప్రతి మరీ మొరటుగా ఉందని 'ఇష్టపూర్వకంగా' అన్న ముక్క ఇరికించింది కూడా ఆమే. రాసి, ముద్రించి, తన సెక్షన్‌లో పద్దెనిమిది మంది ఇళ్ళకు ఎండలో కాళ్ళరిగేలా తిరిగి, అమ్మల చేత, నాన్నల చేత సంతకాలు పెట్టించింది.

పంతొమ్మిదోది తన ఇంట్లోనే ఉందని మాత్రం ఆమెకు తెలియలేదు.

"పిట్టా! ఇలా రా!" అని కేక వేసింది.

పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేదని పెట్టిన ముద్దుపేరది. ఇప్పుడు తల్లి కన్నా బెత్తెడు పొడుగు. స్నానం చేసి, తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుని, గుమ్మంలో నిలబడింది.

"ఎందుకు చెప్పలేదే నాకు?"

పిట్ట తువ్వాలు బిగించుకుంది.

"నిన్నే! నోట్లో బెల్లం పెట్టుకున్నావా? మీ సెక్షన్ సైన్సు మాస్టారు ఈ కాగితం నీ చేతికి ఇచ్చినప్పుడు వచ్చి నా మొహాన ఎందుకు కొట్టలేదు? మీ నాన్న దగ్గరికి దొంగలా వెళ్ళి ఎందుకు పెట్టించుకున్నావు?"

"నువ్వే కదమ్మా ఈ ఫారం మంచిదని అందరిళ్ళకీ వెళ్ళి చెప్పింది," అంది పిట్ట. "వాళ్ళకి మంచిదైంది నాకు చెడ్డదెలా అయింది?"

లిఫ్టు మెకానిక్ చప్పున తల దించుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మనిషికి బూట్లు చూసుకోవడం కన్నా దారి లేదు.

ఆమె చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఎక్కడ దింపాలో తెలియక పొయ్యి కట్టేసింది. మాడిన టీ వాసన ఇల్లంతా కమ్మేసి ఉంది.

ఆ సమయంలోనే మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

దిగి వస్తున్నది ఆ బడి హెడ్మిస్ట్రెస్. లిఫ్టు మెకానిక్‌కి స్వయానా అక్క, లెక్కల టీచరుకు వదిన, పిట్టకు మేనత్త. పైవాటాలో ఒక్కతే ఉంటుంది. చేతిలో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది కాబట్టి పిల్లలందరికీ స్కేలు మేడం. ఆ స్కేలుతో ఆవిడ ఎవర్నీ కొట్టిన పాపాన పోలేదు. గీతలు గీస్తుంది, అంతే. ఆ గీతలే ఇప్పుడు ఈ ఇంటి మీద పడ్డాయి.

"ఏమిటే పొద్దున్నే ఈ గోల? పక్కింటి వాళ్ళు కిటికీలు తీసి చూస్తున్నారు."

"చూడనివ్వండి!" లెక్కల టీచరు కాగితం బల్ల మీద విసిరింది. "ఇది మీకు ఎప్పటి నుంచి తెలుసు వదినా?"

వదిన కాగితం వంక చూడలేదు. కుర్చీ లాక్కుని నిమ్మళంగా కూర్చుంది.

"పదిహేను రోజులైంది. కోడ్ నంబర్లకి పేర్లు తెరిచిన రోజు. ఎవరి సెక్షన్ పేర్లు వాళ్ళకే ఇచ్చాను."

"పదిహేను రోజులు! ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే ఆటోలో బడికి వెళ్తూ, నా డబ్బాలో అన్నం తింటూ!"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏం చేసేదాన్నా? తీయించేదాన్ని!"

"అందుకే చెప్పలేదు," అంది వదిన.

ఇక్కడ జరిగిన సంగతి కాస్త చెప్పుకోవాలి. నగరంలో బళ్ళన్నిటినీ బాగుచేస్తామని పై ఆఫీసు ఒక పథకం పెట్టింది. పదో తరగతిలో నూటికి ఎనభై ఐదు మంది పాసవ్వాలి. వరసగా రెండేళ్ళు అవ్వకపోతే బడికి తాళం. ఆరు వందల మంది పిల్లల్ని హైవే అవతల, బస్సు కూడా సరిగ్గా వెళ్ళని ఇంకో బళ్ళో కలిపేస్తారు. నిరుడు వీళ్ళకు వచ్చింది డెబ్భై ఒకటి. ఇదే ఆఖరి అవకాశం.

అందుకని టీచర్లు పిల్లల్ని మూడు జాబితాలు చేశారు. దాటేవాళ్ళు, గట్టు మీదవాళ్ళు, మిగిలినవాళ్ళు. దాటేవాళ్ళు ఎలాగూ దాటుతారు. గట్టు మీదవాళ్ళకు పొద్దున గంట, సాయంత్రం గంట ప్రత్యేకంగా చెప్పాలి. మిగిలినవాళ్ళను నెమ్మదిగా, నొప్పి తెలియకుండా, ప్రైవేటుకు పంపించెయ్యాలి. వాళ్ళు లెక్కలో లేకపోతే శాతం దానంతట అదే పెరుగుతుంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, కానీ లెక్క మాత్రం తప్పదు.

పక్షపాతం ఉండకూడదని జవాబు కాగితాల మీద పేర్లు తీసేసి నంబర్లు వేశారు. అన్నీ గుండ్రాలు నింపే కాగితాలు, దస్తూరి కూడా తెలియదు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం వదినా మరదలూ ఇదే బల్ల దగ్గర కూర్చుని మార్కుల పట్టీ ముందేసుకున్నారు.

"గీత ఎక్కడ గీయమన్నది నువ్వే," అంది వదిన. "గుర్తుందా? నేను ఇరవై ఐదు దగ్గర గీద్దామన్నా. 'ముప్పై దగ్గర గీయండి వదినా, మొహమాటానికి పోతే బడి పోతుంది' అన్నావు."

"నాకు తెలుసా అందులో ఇది ఉందని?"

"అరవై ఏడో నంబరు గురించి ఏమన్నావో కూడా చెప్పనా?"

లెక్కల టీచరు కుర్చీ వీపు పట్టుకుంది. గుర్తుంది. ఇరవై తొమ్మిది మార్కులు. లెక్కల్లో మరీ ఘోరం. 'ఈ అరవై ఏడు ఎవరో గాని, ఈ జన్మకి లెక్కలు రావు, వదిలేయండి' అని నవ్వింది. బాగా గట్టిగానే నవ్వింది. లోపలి గదిలో పిట్ట రేడియో తగ్గించి, 'ఏంటమ్మా అంత నవ్వు?' అని అడిగింది కూడా.

"ఆ పరీక్షల వారం దానికి జ్వరం," అంది ఇప్పుడు. గొంతు ఒక మెట్టు దిగింది. "నూట రెండు. మాత్ర వేసి నేనే పంపించాను. ఒళ్ళు తెలియకుండా రాసింది. అది దాని అసలు చదువు కాదు వదినా, మీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

"నీ సెక్షన్‌లో గీత కింద పద్దెనిమిది మంది ఉన్నారు. ఆ వారం ఎవరికి జ్వరమో, ఎవరింట్లో చావో, ఎవరు తిండి తినకుండా వచ్చారో ఒక్కర్నైనా అడిగావా?"

బల్ల మీద ఈగ ఒకటి వాలింది. ఎవరూ తోలలేదు.

"నా కూతురు వేరు!" అని లెక్కల టీచరు అరిచింది. అరిచేశాక ఆ మాట ఆమెకే చెవిలో గుచ్చుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు. కోపంలో ఉన్న మనిషి ఎప్పుడు తీసుకుంది గనక! "ప్రైవేటు స్కూల్లో వేద్దామని మీ తమ్ముడు నెత్తీ నోరూ బాదుకున్నా వినకుండా, మన బళ్ళో వేశాను. టీచరు పిల్ల కూడా ఇక్కడే చదువుతోందని నలుగురూ చూడాలని వేశాను. మీరు రాకముందు ఆ బళ్ళో మరుగుదొడ్డికి తలుపు కూడా లేదు. అప్పటి నుంచీ నేనున్నాను అక్కడ. నాకు ఇదా బహుమానం?"

"నీ కూతురని దాన్ని పైకి లాగి, మిగతా నలభై మంది తల్లులకి నేనేం మొహం చూపించను?"

"ఇప్పుడు ఏ మొహం చూపిస్తున్నారు?"

 వదిన లేచి కుర్చీ బల్ల కిందకు తోసింది.

"సాయంత్రం ఐదింటికి పరీక్ష రాసేవాళ్ళ జాబితా పై ఆఫీసుకి వెళ్ళిపోతుంది. నీ సెక్షన్ ఫారాలు ఇంకా నాకు చేరలేదు. సైన్సు మాస్టారు తన ఇరవై మూడూ మొన్ననే ఇచ్చాడు. మధ్యాహ్నం లోపు నీ పద్దెనిమిదీ తెచ్చివ్వు."

"అక్కా..." అన్నాడు లిఫ్టు మెకానిక్. ఆ ఉదయం అక్కతో ఆయన మాట్లాడిన మొదటి మాట, ఆఖరి మాట అదే. జేబులో ఫోను మోగింది. ఎక్కడో ఏదో భవనంలో నలుగురు ఇరుక్కుపోయారట.

"వెళ్ళండి," అంది భార్య. "వాళ్ళనైనా బయటికి తీయండి."

*

రోజూ ఒకే ఆటోలో వెళ్ళే ముగ్గురూ ఆ రోజు మూడు దారులయ్యారు. పిట్ట నడిచి వెళ్ళింది. వదిన ఆటో ఎక్కింది. లెక్కల టీచరు బస్సులో నిలబడి, భుజాన బ్యాగు గట్టిగా పట్టుకుని వెళ్ళింది. ఆ బ్యాగులోనే ఉన్నాయి పద్దెనిమిది ఫారాలు.

దారంతా ఆమె చెవిలో ఒకే గొంతు మోగింది. మార్కెట్ వెనకాల టైలరమ్మది. కుట్టుమిషను ఆపకుండానే ఫారం చదివించుకుని విన్నదావిడ. విని, 'మీ పిల్లైతే మీరు పెడతారా టీచరుగారూ, సంతకం?' అని అడిగింది.

'నిక్షేపంగా పెడతాను,' అందామె. రెప్ప కొట్టకుండా అంది.

టైలరమ్మ అప్పుడు మిషను ఆపి, వేళ్ళు తుడుచుకుని, మీరు చెప్పారంటే ఇక ఆలోచించేదేముంది అని పెట్టింది.

మూడో పీరియడ్‌లో ఆమెకు క్లాసు లేదు. కాళ్ళు వాటంతట అవే లైబ్రరీ వైపు నడిచాయి. మిగిలినవాళ్ళను కూర్చోబెట్టేది అక్కడే. పేరుకు లైబ్రరీ పీరియడ్, రోజుకు ఏడు. గట్టు మీదవాళ్ళకు చెప్పడంలో టీచర్లందరికీ ఊపిరాడదు కాబట్టి అక్కడికి ఎవరూ వెళ్ళరు. జాబితా వేసిన నాటి నుంచి ఆమె కూడా అటు తొంగి చూడలేదు.

నలభై ఒక్కరూ లేచి నిలబడ్డారు.

బల్లల మీద పాత ప్రశ్నపత్రాలు. జవాబులు కాదు, ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ రాసుకుంటున్నారు. బోర్డు మీద తారీఖు పదిహేను రోజుల కిందటిది. ఆఖరి బల్ల దగ్గర పిట్ట ఇద్దరు పిల్లల మధ్య నిలబడి, తల్లిని ఎవరో బయటి మనిషిని చూసినట్టు చూసింది.

"టీచర్, మాకు చెప్పడానికొచ్చారా?" అని ముందు బల్ల మీది పిల్ల అడిగింది. టైలరమ్మ కూతురు. ఆ మొహంలో అనుమానం ఒక్క పిసరు లేదు, ఉన్నదంతా సంబరమే.

కాదని ఎలా చెబుతుంది? సుద్దముక్క తీసుకుంది. శాతాల లెక్క ఒకటి వేసింది. ఒక బళ్ళో నూట పన్నెండు మంది అని రాయబోయి, చేతిని ఆపుకుని, ఒక బుట్టలో నలభై కాయలు అని రాసింది. మెల్లిగా చెప్పింది. మళ్ళీ చెప్పింది. ఇరవై నిమిషాలకు పదహారు మంది చేతులెత్తారు. ఇంకో ఇరవై నిమిషాలకు ఇరవై ఏడు.

సంతోషించాల్సిన ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నలభై నిమిషాలు! ఈ నలభై నిమిషాలు ఇన్నాళ్ళూ ఏ గంగలో కలిశాయి? నిరుడు ఇలాగే ఇరవై ఆరుగురిని ప్రైవేటుకని పంపారు. వాళ్ళలో ఈ ఏడాది పరీక్ష ఫీజు కట్టింది నలుగురు. మిగతా వాళ్ళు ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

గంట కొట్టారు. పిల్లలు కూర్చున్నారు. పిట్ట పుస్తకం మీద నుంచి తలెత్తలేదు.

మధ్యాహ్నం అటెండరు వచ్చి ఫారాలు అడిగాడు. తర్వాత ఇస్తానంది. రెండింటికి మళ్ళీ వచ్చాడు. తలనొప్పిగా ఉందంది. మూడింటికి గుమాస్తా స్వయంగా వచ్చాడు. "మేడం నిప్పులు తొక్కుతున్నారు టీచరుగారూ, నా ఉద్యోగం పోయేలా ఉంది," అని బతిమాలాడు.

"మేడాన్నే అడగమనండి నన్ను," అందామె.

*

నాలుగు దాటాక వెళ్ళింది హెడ్మిస్ట్రెస్ గదికి.

గదిలో వదిన ఒక్కతే ఉంది. బల్ల మీద కంప్యూటరు వెలుగుతోంది, పక్కన దారంతో కట్టిన ఫారాల కట్ట, దాని మీద స్కేలు. పొద్దున ఉన్న నిమ్మళం ఆవిడ మొహంలో ఇప్పుడు లేదు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"తెచ్చావా?"

"బ్యాగులో ఉన్నాయి."

"అక్కడ పెట్టి వెళ్ళు."

"పెట్టను."

"చూడు," అంది వదిన. "ఆ పద్దెనిమిది ఫారాలు లేకపోతే ఆ పద్దెనిమిది పేర్లు జాబితాలోంచి తీయడానికి నాకు అధికారం లేదు. తల్లిదండ్రుల సంతకం ఉండాలి. వాళ్ళు రాస్తే శాతం డెబ్భైకి పడుతుంది. ఈ బడి ఉండదు. నీకు లెక్క నేను చెప్పాలా?"

"ఆ లెక్క నాకొద్దు."

"వద్దంటే పోతుందా? ఆరు వందల మంది హైవే దాటాలి. చిన్న పిల్లలున్నారు వాళ్ళలో. ఎంతమంది దాటతారు, ఎంతమంది ఇళ్ళల్లో కూర్చుండిపోతారు? నలభై ఒకటి పెద్దదా, ఆరు వందలు పెద్దదా?"

"ఈ మాట పొద్దున మీ మేనకోడలితో ఎందుకనలేదు?"

వదిన అరచేత్తో బల్ల మీద కొట్టింది. స్కేలు ఎగిరి కింద పడింది.

"అనగలనా నేను? నా చేతుల్లో పెరిగిందే అది! పదిహేను రోజులుగా దాని మొహం చూడలేక చస్తున్నా. నువ్వు అరిచావు, కడుపు చల్లబడింది. నేనెవరి మీద అరవాలి? పై ఆఫీసుకి వెళ్ళి టీచర్లు చాలరు, ఇంకో నలుగుర్ని ఇవ్వండని ఆరుసార్లు కాళ్ళావేళ్ళా పడ్డా. శాతం తెచ్చి చూపించు, అప్పుడు చూద్దామన్నారు. టీచర్లిస్తే గదా శాతం! శాతమొస్తే గదా టీచర్లు! నన్నేం చెయ్యమంటావు చెప్పు!"

 వరండాలో ఎవరో పిల్లలు పరుగెత్తుకుంటూ వెళ్ళారు.

తర్వాత వదిన ఒక పని చేసింది. కట్ట దారం విప్పింది. ఒక్కొక్క ఫారం తిప్పుతూ పోయి, ఒకదాన్ని లాగింది. గ్రీజు మరక ఉన్న సంతకం. దాన్ని బల్ల మీద మరదలి వైపు జరిపింది.

"తీసుకో. చించుకో. పిట్ట పరీక్ష రాస్తుంది." ఆవిడ చూపు మాత్రం గోడ మీద ఉంది. "నీ పద్దెనిమిదీ ఇక్కడ పెట్టు."

పొద్దున ఇదే మనిషి, మిగతా నలభై మంది తల్లులకి ఏం మొహం చూపించనని నిలదీసింది. లెక్కల టీచరుకు అసహ్యం వేసింది. వదిన మీద కాదు. ఈ మాట కోసమే తను పొద్దుట్నుంచీ తన ఫారాలు ఇవ్వకుండా నాన్చిందేమో అన్న అనుమానం కలిగింది, అందుకు. ఎందుకంటే ఆమె చెయ్యి అప్పటికే ఫారం మీద ఉంది.

తీసుకుంది. రెండు ముక్కలు చేసింది, నాలుగు చేసింది, ఎనిమిది చేసింది.

"ఇక అవి ఇవ్వు," అని వదిన చెయ్యి చాచింది.

"ఇవ్వను."

"అంటే?"

"అంటే ఇవ్వనని. నా కూతుర్ని మీ దగ్గర దొంగిలించాననుకోండి. మోసం చేశాననుకోండి. అక్కడ టైలరమ్మతో ఎదురుగా నిలబడి అబద్ధం ఆడాను వదినా, మీతో ఆడటం ఎంత?" బ్యాగులోంచి పద్దెనిమిది ఫారాలూ తీసి, వదిన చూస్తుండగానే, కసిగా, ఒక్కపెట్టున చింపింది. ఒకేసారి చిరగలేదు. మూడు విడతలుగా చింపింది. "పంతొమ్మిది మంది రాస్తారు. రోజూ ఆ లైబ్రరీలో నేనే చెబుతాను. పొద్దునా, సాయంత్రం, ఆదివారం కూడా. ఎవరు ఫెయిలవుతారో చూస్తాను."

వదిన మొహం పాలిపోయింది. 

"బడి మూయించావే," అంది.

"మూయనివ్వండి. మూసేది వాళ్ళు. వాళ్ళ పని మనం చేసిపెట్టక్కర్లేదు."

చెప్పేసి, గెలిచిన మనిషిలా ఆయాసపడుతూ వెనక్కి తిరిగింది.

గుమ్మంలో పిట్ట నిలబడి ఉంది. భుజాన బ్యాగు, చేతిలో శాతాల లెక్క చేసిన కాగితం. ఎప్పట్నుంచి ఉందో తెలియదు. కింద పడ్డ ముక్కల వంక చూసింది, బల్ల మీద విప్పి ఉన్న కట్ట వంక చూసింది.

"పిట్టా!" తల్లి రెండంగల్లో వెళ్ళి భుజాలు పట్టుకుంది. "నువ్వు రాస్తున్నావే పరీక్ష. అయిపోయింది. ఇంక భయం లేదు."

పిట్ట ఆ చేతులు నెమ్మదిగా తప్పించుకుంది.

"మా సెక్షన్‌లో ఇంకా ఇరవై రెండు మంది ఉన్నారమ్మా," అంది. "నా బల్ల మీదే ఇద్దరు. వాళ్ళమ్మలెవరూ ఇక్కడ టీచర్లు కారు, అంతే."

లెక్కల టీచరుకు చెంప మీద కొట్టినట్టయింది. గోడ గడియారం ఐదుకు పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పక్క గదిలోంచి గుమాస్తా, "మేడం, పంపించేయమంటారా జాబితా?" అని కేకేశాడు.

ఆమె మెల్లిగా బల్ల వైపు తిరిగింది.

"వదినా, ఆ ఇరవై రెండూ ఇలా ఇవ్వండి."

వదిన కట్టను దగ్గరికి లాక్కుంది. రెండు చేతులూ ఆ కట్ట మీద పెట్టి గట్టిగా అదిమింది.

లెక్కల టీచరు ఇక మాటలు పెంచలేదు. వెళ్ళి గది తలుపు లోపల గడియ పెట్టి, కుర్చీ లాక్కుని వదిన ఎదురుగా కూర్చుంది.